తువ్వాలు వేసుకున్నవాణ్ని లేపిన సర్వే

నేను రిటైరైన రోజున శాలువా కప్పి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పలేదు. పాపం, ఆవిడకి గొంతు పట్టేసిందని అందరూ అనుకున్నారు. నా గొంతుకేం, గుండ్రాయిలా ఉంది. ఏం చెప్పాలో తేలక ఊరుకున్నాను. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారంటే ఆ రోజు మింగేసిన సంగతి రాస్తున్నాను. ఇందులో నీతి కనిపిస్తే మీరే తీసుకోండి. నాకింకా దొరకలేదు.

బండి నడుపుతూ డ్రైవర్లు నిద్రపోవడం మీద తొంభైల చివర్లో మా శాఖ ఒక అధ్యయనం చేసింది. కొన్నేళ్ల తర్వాత దాని గురించి శాసనసభలో ఎవరో రెండు ప్రశ్నలు వేశారు. దానికి ప్రజాధనం ఎంత ఖర్చయింది? దానివల్ల ఎంతమంది ప్రయోజనం పొందారు? సాయంత్రం నాలుగింటిలోగా జవాబు పంపమని ఫ్యాక్సు వచ్చింది. పాత ఫైళ్లన్నీ నా చేతిమీదుగా నడిచినవే కనక రాసే పని నా నెత్తిన పడింది. మొదటి ప్రశ్నకి బిల్లులున్నాయి. రెండోదాని దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే మొదట్నించీ రావాలి.

నేను మా ఆఫీసున్న ఈ ఊరిదాన్నే. మా నాన్న పోర్టులో కళాసీ. మా ఇంట్లో ఆదివారం చర్చి గంటకి, మిగతా రోజులు పోర్టు సైరనుకి లేచేవాళ్లం. నాకు స్టాటిస్టికల్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. సర్వేలు ఎలా చేయాలో హైదరాబాదులో పదిరోజులు శిక్షణ ఇచ్చారు. ఆ పదిరోజుల చదువు నా తలకి బాగా ఎక్కింది. నోరు అంతకుముందే ఎక్కువ. ఈ రెండూ కలిస్తే ఎలాంటి మనిషి తయారవుతుందో మీ ఆఫీసుల్లో మీరూ చూసే ఉంటారు.

అధ్యయనం మంజూరైన రోజు ఆఫీసంతా పెళ్లిసందడి. పోర్టుకీ, ఉక్కు ఫ్యాక్టరీకీ తిరిగే లారీలు ఊరి చుట్టూ ఎక్కడ పడితే అక్కడ గుద్దేస్తున్నాయని పేపర్లలో వస్తోంది. డ్రైవర్లకి నిద్ర చాలడం లేదా, వాళ్లు పడుకోవడానికి లారీ యార్డులో ఒక షెడ్డు కట్టాలా వద్దా అన్నది తేల్చడమే ఈ అధ్యయనం పని. అది తేల్చడానికి రాజధాని నించి ఒక సలహాదారు విమానంలో వచ్చారు. బ్యానరు రాయించారు. మాకందరికీ టోపీలు కుట్టించారు. ప్రారంభోత్సవానికి బీచ్‌రోడ్డులో పెద్ద హోటలు తీసుకున్నారు. మధ్యాహ్నం భోజనంలో కోడీ, రొయ్యలూ, రెండు రకాల స్వీట్లూ పెట్టారు. భోజనమయ్యాక సలహాదారుగారు దీపాలు ఆర్పించి, నిద్ర ముంచుకొచ్చేముందు మనిషి కళ్లు ఎలా ఉంటాయో తెరమీద బొమ్మలు చూపించారు. దీపాలు వెలిగించేసరికి ముందు వరసలో సగంమంది కళ్లు అచ్చం అలాగే ఉన్నాయి.

మా ఆఫీసరుగారు గోదావరి జిల్లా మనిషి. మాట వెన్న. కాగితం విషయంలో మాత్రం మహా పిసినారి. ఏ ఫారం చూపించినా "నాలుగు పేజీల్లో సర్దు తల్లీ, అయిదో పేజీ ఎవడూ చదవడు" అనేవారు. సలహాదారు ఇచ్చిన ఇంగ్లీషు ఫారాన్ని తెలుగు చేసి నాలుగు పేజీల్లో సర్దే బాధ్యత నాకిచ్చారు. అందులో మాతృభాష ఏది, ఇంటికప్పు పెంకా రేకా అని కూడా ఉంది. అవి పై నించి వచ్చిన ప్రశ్నలు, ముట్టుకోకూడదన్నారు. నిద్ర గురించి పక్కపక్కనే రెండు ప్రశ్నలున్నాయి. నిద్రలేచి ఎన్ని గంటలైంది అని ఒకటి. కిందటి రోజునించీ మొత్తం ఎంతసేపు పడుకున్నారు అని ఇంకొకటి. రెండూ నిద్ర గురించే కదా, ఒకటి చాల్లే అనుకుని రెండోది కొట్టేశాను. ఫారం సరిగ్గా నాలుగు పేజీలకి వచ్చింది. ఆఫీసరుగారు మురిసిపోయి, నీకున్న పొదుపు నాకు లేదమ్మా అన్నారు. నాకు ఆ మెప్పు రెండు రోజులు దిగలేదు.

ఇక యార్డు. పోర్టు దగ్గర లారీలు వరసకట్టి ఆగే మైదానం అది. చెట్టు లేదు, నీడ లేదు, ఎటు చూసినా ఎర్రమట్టీ బొగ్గుపొడీ. లారీ రాగానే టోకెను ఇస్తారు. నంబరు పిలిచినప్పుడు లోపలికెళ్లి సరుకు ఎక్కించుకోవాలి. అది గంటలో పిలవచ్చు, మర్నాడు పిలవచ్చు. ఆలోగా డ్రైవర్లు లారీ అడుగున బట్ట ఉయ్యాలలా కట్టుకుని పడుకునేవాళ్లు. పడుకునేముందు డ్రైవరు వైపు అద్దానికి తువ్వాలు వేసేవాళ్లు. తువ్వాలు వేసి ఉందంటే ఆ మనిషి నిద్రలో ఉన్నాడని గుర్తు. అప్పుడు టీ అమ్మేవాడు ఆ లారీ దగ్గర కేకెయ్యడు. అప్పులవాడు కూడా వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. నంబరు పిలిచే టోకెను మనిషి ఒక్కడికే వాళ్లని తట్టి లేపే హక్కు. ఇదంతా ఏ కాగితం మీదా లేదు. మా జీపు డ్రైవరు చెబితే తెలిసింది.

ఆ జీపు డ్రైవరు విజయనగరం వైపు మనిషి. ఒకప్పుడు లారీలు నడిపినవాడే. యార్డులో సగంమంది అతన్ని బావా అని పిలిచేవాళ్లు. మొదటి రోజు నా చేతిలో ఫారాల కట్ట, నా నెత్తిన టోపీ చూసి, "దేనికమ్మా ఇయన్నీ? నాను సెప్తాను రాసుకోండి. ఈలకి నిద్దర సాలదు. అయిపోనాది సర్వే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సర్వే అంటే ఏమిటో అతనికి పది నిమిషాలు పాఠం చెప్పాను. ప్రతి అయిదో లారీ డ్రైవర్నే అడగాలి, మనకి నచ్చినవాణ్ని ఎంచుకోకూడదు, ఒకణ్ని వదిలి పక్కవాణ్ని తీసుకోకూడదు. అలా తీసుకుంటే లెక్క చెడిపోతుంది. అతను ఓపిగ్గా విన్నాడు.

"మరి అయిదో లారీవోడు పడుకున్నాడనుకోండి?"

"లేపుతాం."

"తువ్వాలేసుకున్నోణ్ని లేపకూడదమ్మా."

"మేలుకున్నవాళ్లనే అడిగితే నిద్ర చాలినవాళ్లే దొరుకుతారు. అప్పుడీ సర్వే ఎందుకు? ఈ ప్రభుత్వం సొమ్మెందుకు?"

"అదీ నిజివేననుకోండి" అన్నాడతను. "గానీ లేపకూడదు."

నా వాదనలో తప్పేమీ లేదు. ఇప్పటికీ లేదు. శిక్షణలో చెప్పిన ప్రకారం అక్షరాలా అదే సరైనది. నన్ను ఇన్నేళ్లుగా కొరుక్కుతింటున్నది కూడా అదే. తప్పు చేసి ఉంటే లెంపలేసుకుని మరిచిపోయేదాన్ని.

అలా మూడు వారాలు తువ్వాళ్లు వేసుకున్నవాళ్లని లేపాను. నేను ఆడదాన్ని, చేతిలో గవర్నమెంటు కాగితం. ఒక్కడు కూడా విసుక్కోలేదు. లేచి కూర్చుని, మొహం తుడుచుకుని, పిల్లలెందరో, ఇంటికప్పు పెంకో రేకో చెప్పేవాళ్లు. నిద్రలేచి ఎన్ని గంటలైంది అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. ఇప్పుడేనమ్మా. నేను గళ్లలో సున్నా వేసేదాన్ని.

ఆ రోజు ఆగస్టు ఉక్క. పొద్దున్న పదిన్నరకి వరసలో అయిదో లారీకి నీలం గళ్ల తువ్వాలు వేసి ఉంది. జీపు డ్రైవరు నా మొహం చూడకుండా దూరంగా వెళ్లి నిలబడ్డాడు. నేనే వంగి చక్రం మీద కర్రతో కొట్టాను. ఉయ్యాలలోంచి ఒక మనిషి దిగాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. జాలరిపేటలో పుట్టాడట. తండ్రితో వేటకెళ్తే సముద్రం పడక లారీ ఎక్కాడట. నేను అడక్కుండానే చెప్పాడు. కళ్లు మంకెనపువ్వుల్లా ఉన్నాయి.

"నిద్ర లేచి ఎన్ని గంటలైంది?"

"ఇప్పుడేనమ్మా. మీరు లేపినారు కదేటి."

సున్నా వేశాను.

"బండి నడుపుతుంటే ఎప్పుడైనా కునుకు పట్టిందా?"

"నాకేటి, నాను నిద్దరోనమ్మా. అసలు రాదు." అందరూ అదే అనేవాళ్లు. ఒప్పుకుంటే లైసెన్సు పోతుందని వాళ్ల భయం. అన్నీ అయ్యాక సంతకం పెడుతూ అతను అడిగాడు.

"ఇయన్నీ రాత్తే మాకేటొత్తాదమ్మా?"

"పడుకోడానికి షెడ్డు వేస్తారు. ఫ్యాన్లూ, మంచినీళ్లూ ఉంటాయి."

"నిజివా? అయితే ఇంకేటైనా అడగండి, సెప్తాను."

అడగడానికి ఇంకేం లేదు. అతను మళ్లీ ఉయ్యాల ఎక్కబోతుంటే టోకెను మనిషి కేకేశాడు. అతని నంబరే. తువ్వాలు అద్దం మీంచి లాగి భుజాన వేసుకుని లారీ ఎక్కాడు.

మధ్యాహ్నం రెండున్నరకి ఎరువుల బస్తాలతో వెళుతున్న ఆ లారీ అనకాపల్లి దారిలో రోడ్డు దిగిపోయి ఒక బస్సు షెల్టరుని గుద్దింది. ఆ సమయానికి షెల్టరులో ఎవరూ లేరు. ఇంకో రెండు గంటలైతే బడిపిల్లలు నిలబడే చోటది. అతనికి కుడి భుజం మీది ఎముక విరిగింది. మర్నాడు పేపర్లో షెల్టరు ఫొటో వేశారు. ముందుభాగం నుజ్జయిన లారీ అద్దానికి ఆ నీలం గళ్ల తువ్వాలు వేలాడుతోంది. గుద్దాక ఎవరో తీసి అక్కడ వేశారేమో. నేను పేపరు మడిచి బీరువాలో పెట్టాను.

జీపు డ్రైవరు నాతో 'నాను సెప్పలేదేటమ్మా' అని కూడా అనలేదు. రెండు రోజుల తర్వాత నేను ఫీల్డుకి వెళ్లాలని కిందికి దిగితే జీపు అద్దానికి తువ్వాలు వేసి, సీట్లో అడ్డంగా పడుకుని ఉన్నాడు. నిజంగా పడుకున్నాడో, నాకు చూపించడానికి పడుకున్నాడో తెలీదు. లేపలేదు. మద్దిలపాలెం దాకా నడిచి బస్సెక్కాను.

అప్పుడు మొదలైంది నా గందరగోళం. ఫారాలన్నీ ముందేసుకుని పట్టికలు తయారు చేస్తుంటే సున్నాలు గుట్టలుగా కనిపించాయి. నిద్రలేచి సున్నా గంటలైందంటే అర్థమేమిటి? ఆ డ్రైవరు అప్పుడే నిద్ర తీరి లేచాడనే కదా ఎవరైనా అనుకునేది. నేను తట్టి లేపిన ప్రతి మనిషీ నా కాగితం మీద కడుపునిండా నిద్రపోయినవాడైపోయాడు. ఎంతసేపు పడుకున్నాడన్న ప్రశ్న ఉండి ఉంటే అసలు సంగతి తెలిసేది. ఆ ప్రశ్నని కొట్టేసింది నేను. అన్నం ముందు కూర్చుంటే అదే ఆలోచన. రెండు రోజులు ఆ సున్నాలే మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను.

మూడో రోజు కూర్చుని ఒక నోటు రాశాను. మేము లేపిన డ్రైవర్ల ఫారాలన్నీ నమ్మదగనివి, వాటిని రద్దు చేసి మళ్లీ సర్వే చేయాలి అని రాసి, తప్పు నాదేనని కింద సంతకం పెట్టాను. ఆఫీసరుగారు ఊళ్లో లేరు, సోమవారం వస్తారు. నోటు సొరుగులో పెట్టుకున్నాను.

శనివారం ఆ లారీ డ్రైవరు ఆఫీసుకొచ్చాడు. చెయ్యి మెడకి వేలాడగట్టి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి నోటీసు తీసి నా బల్లమీద పెట్టాడు. నిద్రపోయి బండి గుద్దేసినందుకు లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని అందులో ఉంది. వచ్చే శుక్రవారం బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు హాజరవ్వాలి. లైసెన్సులు చూసే ఆ అధికారిని మా వైపు అందరూ అలాగే అంటారు.

"ఓనరు నా మీద సెప్పేసినాడమ్మా, నిద్దరోయాడని. కుక్క అడ్డమొచ్చినాదంటే ఎవులూ నమ్మట్లేదు."

"అయితే నేనేం చెయ్యను?"

"ఆ రోజు మీరు రాసినారు కదేటి, అప్పుడే లేచినానని. ఆ కాయితం ఇప్పించండి. గవర్నమెంటు కాయితం సూపిత్తే ఊరుకుంటారట. లైసెన్సు పోతే నాకింకో పని రాదమ్మా. సముద్రం నాకు పడదు."

నా సొరుగులో రద్దు చేయమని రాసిన నోటు ఉంది. బీరువాలో అతని సున్నా ఉంది. నోటు ఆఫీసరుగారి బల్లమీదికి వెళ్లిందంటే ఆ సున్నాకి విలువ లేదు, అతని చేతిలో కాగితం చిత్తుకాగితం. నోటు ఆపానంటే ఇతను మళ్లీ లారీ ఎక్కుతాడు, యార్డులో మిగతావాళ్లందరికీ షెడ్డు రాదు. పోనీ ఇతను ఎక్కాక ఈసారి షెల్టరులో పిల్లలుంటే?

"నిజం చెప్పు. ఆ రోజు నిద్రపోయావా?" అన్నాను.

"నన్నేటి సెప్పమంటారమ్మా?" అన్నాడు. దబాయింపు లేదు ఆ మాటలో. నేను ఏం చెప్పమంటే అది చెబుతాడు. సోమవారం రమ్మని పంపేశాను.

సోమవారం ఆఫీసరుగారు రాగానే కాపీ సంగతి అడిగాను. నోటు సంగతి ఎత్తలేదు. ఆయన కళ్లజోడు సర్దుకుని, "మన రికార్డులో ఏముందో అది ఇవ్వడానికి మనకేవిటమ్మా అభ్యంతరం? కాగితంలో లేనిది మనకి తెలీదు కదండీ" అంటూ సంతకం గీకేశారు. ఆయన నన్ను అండీ అన్నారంటే ఇక ఆ విషయం ముగిసిందని అర్థం. కాపీ మీద ముద్ర వేసి ఇచ్చాను. అతను ఎడంచేత్తో కళ్లకద్దుకుని తీసుకున్నాడు.

శుక్రవారం అయ్యాక నోటు ఇద్దాంలే అనుకున్నాను. నన్ను నేను మభ్యపెట్టుకోలేదు, నిజంగానే అనుకున్నాను. శుక్రవారం విచారణ అయింది. కాగితం చూసి హెచ్చరించి వదిలేశారని జీపు డ్రైవరు చెప్పాడు. శనివారం నోటు తీశాను. అదే ముద్రతో అదే ఆఫీసు అయిదు రోజుల కిందట ఇచ్చిన కాగితం అబద్ధమని ఇప్పుడు రాయాలి. రాస్తే విచారణ మళ్లీ మొదలుపెడతారేమో. సోమవారం ఇద్దామనుకున్నాను. మంగళవారం సలహాదారుగారు నా పట్టికలు పట్టుకుని విమానమెక్కారు.

నివేదిక అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, అట్టమీద సూర్యోదయం బొమ్మ. పేజీలు మాత్రం ఎవరూ నాలుగుకి కుదించలేదు. పరిశీలించిన డ్రైవర్లలో ఎక్కువమంది నిద్రలేచిన వెంటనే విధులకి హాజరవుతున్నట్టు తేలినందున, ప్రత్యేక విశ్రాంతి గది ఆవశ్యకత కనిపించలేదని అందులో రాశారు. జీపు డ్రైవరు నా చేత ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు.

"అంటే షెడ్డు లేదేటి?"

"లేదు."

"ఇంత సొమ్మూ తగలేసి మనం కనిపెట్టింది ఏటమ్మా?"

"వాళ్లకి నిద్ర చాలుతోందని."

అతను నవ్వుతాడనుకున్నాను. టోపీ తీసి డాష్‌బోర్డు మీద పెట్టి జీపు స్టార్టు చేశాడు. ఆ టోపీ మళ్లీ పెట్టుకోలేదు.

ఇదంతా అయ్యాక కొన్నేళ్లకి వచ్చింది నేను మొదట చెప్పిన ఫ్యాక్సు. మా పాత ఆఫీసరుగారు అప్పటికి రిటైరైపోయారు. ఆయన స్థానంలో నాకంటే చిన్నవాడు, చురుకైనవాడు వచ్చాడు. పదింటికి ఫైళ్లు దింపించాను. విమానం టిక్కెట్లు, హోటలు, బ్యానరు, టోపీలు, నున్నటి కాగితం. అన్నీ కూడి మొదటి జవాబు పూర్తిచేశాను. ఆ మొత్తం ఇక్కడ రాయను. దాంతో యార్డులో ఫ్యాన్లతో సహా షెడ్డు లేచేదని మాత్రం చెబుతాను. రెండో ప్రశ్న దగ్గర పదకొండున్నర దాకా కూర్చుని, ఇక లాభం లేదని లేచి జీపు డ్రైవర్ని పిలిచాను. అతనికి తల నెరిసింది. అదే జీపు.

"ఆ మనిషి ఇంకా లారీ నడుపుతున్నాడా?" అన్నాను. ఏ మనిషి అని అతను అడగలేదు.

"మొన్ననే కనపడ్డాడు. యార్డులోనే ఉంటాడు, పదండి."

యార్డు అలాగే ఉంది. ఎర్రమట్టీ, బొగ్గుపొడీ, లారీల అడుగున ఉయ్యాలలు. ఒక లారీ అద్దానికి తువ్వాలు వేసి ఉంది. ఈసారి ఆకుపచ్చది. ఇదేనన్నాడు జీపు డ్రైవరు. నేను టైము చూసుకున్నాను. పన్నెండున్నర. జవాబు నాలుగింటికి పంపాలి. కర్ర కోసం కాదు గానీ, ఎందుకో నా చెయ్యి అటూ ఇటూ కదిలింది. జీపు డ్రైవరు నన్నే చూస్తున్నాడు. నేను ఎండలో, పక్క లారీ నీడ ఎంత ఉంటే అంతలో నిలబడ్డాను. ఒంటిగంటైంది. రెండైంది. టీ అమ్మేవాడు వచ్చి, తువ్వాలు చూసి, గొంతు తగ్గించి నాకో టీ ఇచ్చాడు. ఏటమ్మా కావాలి అని గుసగుసగా అడిగాడు. ఏం లేదన్నాను.

రెండుంపావుకి టోకెను మనిషి వచ్చి చక్రం తట్టాడు. లారీ డ్రైవరు దిగాడు. నన్ను గుర్తుపట్టడానికి అతనికి కాసేపు పట్టింది. గడ్డం తెల్లబడింది. కుడిభుజం కొంచెం కిందికి వాలింది.

"మీరేటమ్మా? ఎంతసేపయ్యింది ఒచ్చి? లేపవలసింది కదేటి."

"మళ్లీ ఒకటి అడగాలి. కాగితం తేలేదు. ఎవరికీ చెప్పను. ఆ రోజు నిద్రపోయావా, కుక్క అడ్డమొచ్చిందా?"

అతను తువ్వాలు తీసి దులిపాడు.

"కాయితంలో ఏటున్నాదమ్మా?"

"అప్పుడే లేచావని ఉంది."

"మరదేనమ్మా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. రెండు గంటలు ఎండలో నిలబడింది ఈ మాట కోసమా? కోపంగా వెనక్కి తిరిగాను. అతను లారీ మెట్టుమీద కాలు పెట్టి ఆగాడు.

"ఒకటి సెప్తాను, రాసుకోకండి. ఆ కాడ్నించీ నిద్దరొత్తే బండి ఆపేత్తన్నాను. ఓనరు తిడతాడు, రెండుసార్లు పనిలోంచి తీసేసినాడు కూడా. అయినా పక్కకెట్టి పడుకుంటాను. తువ్వాలేసి." కళ్లు దించుకున్నాడు. "షెల్టరు పక్కనించి ఎల్లినప్పుడల్లా సూత్తాను. పిల్లలుంటారు."

తలుపు వేసుకున్నాడు. లారీ గేటు వైపు కదిలింది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా అతని మాటే తిరగేశాను. అది ఒప్పుకోవడమా? భయమా? అతను అప్పుడు నిద్రపోయి ఉంటే, నేను లేపడం వల్లనా? నంబరు ఎలాగూ పిలిచారు కదా, నేను లేపకపోయినా ఆ ముక్కాలు గంటకి టోకెను మనిషి లేపేవాడు కదా? ముక్కాలు గంట నేను తినేశాను, నిజమే. ముక్కాలు గంట నిద్రతో షెల్టరు మిగిలేదా? నోటు ఇచ్చి ఉంటే షెడ్డు వచ్చేదా, లేకపోతే అదీ ఇంకో సొరుగులో పడి ఉండేదా? నాకు లెక్కలొచ్చు. ఈ లెక్క రాలేదు.

మూడుంపావుకి ఆఫీసు చేరి, రెండో ప్రశ్న ఎదురుగా రాశాను. ప్రయోజనం పొందినవారి సంఖ్య: ఒకరు.

కొత్త ఆఫీసరు అది చూసి నవ్వాడు. "ఎవరండీ ఈ ఒక్కరూ?"

"పేరు కావాలంటే ఇస్తాను."

"జోకులు బాగానే వేస్తారు మేడమ్" అని నేను రాసిన 'ఒకరు'ని అడ్డంగా కొట్టేసి, పైన ఎర్రసిరాతో 'రాష్ట్రంలోని వాహన చోదకులందరూ' అని రాశాడు. ఆయనకి వేరే మీటింగుంది, వెళ్లిపోయాడు. కాగితం టైపిస్టు దగ్గరికి పట్టుకెళ్లాను. కొట్టేసిన మాటా, ఎర్రసిరా మాటా రెండూ కనిపిస్తున్నాయి. ఆ అమ్మాయి తలెత్తి, "ఇందులో ఏది ఉంచమంటారు మేడమ్?" అని అడిగింది.

గోడమీద గడియారం చూశాను. నాలుగవడానికి అయిదు నిమిషాలుంది. పాత నోటు ఇంకా నా సొరుగులోనే ఉంది.

ఎర్రసిరాది ఉంచమన్నాను.